ఫార్మాట్ కొట్టినా పోని వైరస్

జిరాక్సు షాపుకి వెళ్లి పెన్‌డ్రైవ్‌లోంచి నాలుగు పేజీలు ప్రింటు తీయించుకుంటాం. ఇంటికొచ్చి దాన్ని కంప్యూటర్‌కి తగిలిస్తే లోపలి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి ఉంటాయి. మన దేశంలో విండోస్ కంప్యూటర్ వాడిన ఒక తరం మొత్తానికి ఇది తెలిసిన సంగతే. ప్రతి బొమ్మకీ ఎడమవైపు అడుగున చిన్న బాణం గుర్తు కనిపిస్తుంది. సైజు చూస్తే ఒకటో రెండో కిలోబైట్లు. పెళ్లి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టు అన్నీ పోయాయనుకుని, ఆ గాభరాలో చాలామంది పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేసేస్తారు. నిజానికి అప్పటిదాకా ఒక్క ఫైలూ పోలేదు. వాటిని పోగొట్టేది ఆ ఫార్మాటే.

విండోస్‌లో ప్రతి ఫైలుకీ కొన్ని గుర్తులు ఉంటాయి. 'హిడెన్' గుర్తు ఉంటే ఆ ఫైలు మామూలుగా కనబడదు. దానికి 'సిస్టమ్' గుర్తు కూడా తోడైతే, ఇది నా సొంత సామాను, ఎవరూ ముట్టుకోకూడదనుకుని విండోస్ దాన్ని ఇంకా లోపలికి దాచేస్తుంది. షార్ట్‌కట్ వైరస్ మీ ఫోల్డర్లకి ఆ రెండు గుర్తులూ తగిలించి, అవే పేర్లతో షార్ట్‌కట్లు చేసి ముందు పెడుతుంది. వాటిలో ఒకదాని మీద రెండుసార్లు నొక్కితే, ముందు పెన్‌డ్రైవ్‌లో దాక్కున్న చిన్న స్క్రిప్టు నడుస్తుంది, వెంటనే మీ అసలు ఫోల్డర్ తెరుచుకుంటుంది. అడిగింది దొరికింది కాబట్టి మీకు అనుమానం రాదు. ఈలోగా ఆ స్క్రిప్టు తన నకలుని హార్డ్‌డిస్కులోకి దింపుకుంటుంది. ఇకమీదట ఈ కంప్యూటర్‌కి తగిలించిన ప్రతి పెన్‌డ్రైవ్‌కీ ఇదే మర్యాద జరిగేలా ఏర్పాటు చేసుకుంటుంది.

ఫైళ్లని వెనక్కి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి హిడెన్ టిక్కు తీద్దామంటే ఆ గడి బూడిదరంగులో మొరాయిస్తుంది. సిస్టమ్ గుర్తు ఉన్నంతవరకూ అది కదలదు. కమాండ్ ప్రాంప్ట్‌లో డాస్ కాలం నుంచీ వస్తున్న అట్రిబ్ అనే ఆదేశంతో రెండు గుర్తులూ ఒకేసారి తీసేయవచ్చు. కంప్యూటర్ రిపేరు కుర్రాళ్లకి ఆ లైను కంఠతా వచ్చు. అయితే ఇది పెన్‌డ్రైవ్‌కి చేసిన వైద్యం మాత్రమే. కంప్యూటర్‌లో తిష్ఠ వేసింది అక్కడే ఉంది. శుభ్రం చేసిన పెన్‌డ్రైవ్‌ని తీసి మళ్లీ తగిలిస్తే షార్ట్‌కట్లు మళ్లీ ప్రత్యక్షం.

ఒకప్పుడు ఈ నొక్కే శ్రమ కూడా ఉండేది కాదు. సీడీ పెట్టగానే అందులోని ప్రోగ్రామ్ తనంతట తాను మొదలవ్వాలని విండోస్‌లో ఆటోరన్ అనే సదుపాయం పెట్టారు. అది పెన్‌డ్రైవ్‌లకీ వర్తించింది. 2008 నవంబరులో బయటపడ్డ కాన్‌ఫికర్ అనే వార్మ్ నెట్‌వర్క్ ద్వారానే కాక ఈ దారిలో కూడా వ్యాపించింది. పెన్‌డ్రైవ్‌ల ఆటోరన్‌ని విండోస్ 7 లో ఆపేశారు. పాత ఎక్స్‌పీ, విస్టాలకి 2011 ఫిబ్రవరిలో అప్‌డేట్ ద్వారా ఆపారు. ఆ తలుపు మూసుకున్నాక వైరస్ రాసేవాళ్లకి మనిషి వేలు అవసరమైంది. షార్ట్‌కట్ ఎత్తు దానికి బాగా కుదిరింది.

ఇక కంప్యూటర్‌లోది ఎలా తీయాలి? దానికి ముందు అది ఎలా బతుకుతుందో చూడాలి. డిస్కు మీద ఉన్న ప్రోగ్రామ్, అది ఎంత దుర్మార్గమైనదైనా, ఉత్త అక్షరాల వరసే. దాన్ని ఎవరో ఒకరు మెమరీలోకి తెచ్చి నడిపిస్తేనే ఏదైనా చేయగలదు. కంప్యూటర్ ఆపితే మెమరీ ఖాళీ అయిపోతుంది. కాబట్టి ఇంట్లో స్థిరపడదలచిన ప్రతి వైరస్సూ, కంప్యూటర్ మళ్లీ మొదలైనప్పుడు తనని నిద్రలేపే మనిషిని మాట్లాడుకోవాలి. దాని బలహీనత ఇక్కడే ఉంది. నిద్రలేపే చోట్లు లెక్కలేనన్ని ఉండవు: రిజిస్ట్రీలో రన్ అనే పద్దు, స్టార్టప్ ఫోల్డర్, టాస్క్ షెడ్యూలర్, సర్వీసులు, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, మరికొన్ని మారుమూల సందులు. వీటిలో చాలావాటిని ఒక్క తెర మీద చూపించే ఆటోరన్స్ అనే ఉచిత పనిముట్టుని మార్క్ రస్సినోవిచ్, ఆయన మిత్రుడు కలిసి తయారుచేశారు. ఇప్పుడది మైక్రోసాఫ్ట్ దగ్గరే దొరుకుతుంది. అందులో వరసగా చూసుకుంటూ పోతే, తయారీదారు పేరు లేకుండా, అర్థం లేని అక్షరాల పేరుతో, టెంప్ ఫోల్డర్‌లోంచో యాప్‌డేటాలోంచో నడుస్తున్న స్క్రిప్టు ఒకటి కనబడిందంటే తొంభై పాళ్లు దొంగ దొరికినట్టే.

ముందు టాస్క్ మేనేజర్‌లో దాన్ని ఆపి, తరవాత నిద్రలేపే పద్దు కొట్టేసి, చివరగా ఫైలు చెరిపేయాలి. ఈ వరస తప్పితే పని జరగదు. నడుస్తున్న ఫైలుని విండోస్ చెరపనివ్వదు. పద్దు ముందే కొట్టేస్తే, నడుస్తున్న వైరస్ క్షణంలో మళ్లీ రాసుకుంటుంది. కొన్ని జంటగా నడుస్తూ ఒకదానికొకటి కాపలా కాస్తాయి. ఒకదాన్ని ఆపగానే రెండోది దాన్ని లేపుతుంది. ఇలాంటి చోట సేఫ్ మోడ్ పనికొస్తుంది. విండోస్ అప్పుడు తనకి అత్యవసరమైనవి తప్ప మిగతా వాటిని నిద్రలేపదు.

చేత్తో ఇలా ఏరివేయడం షార్ట్‌కట్ వైరస్ లాంటి నాటురకాలకి చాలు. అసలు చిక్కు వేరే చోట ఉంది. టాస్క్ మేనేజర్ చూపిస్తున్న జాబితా నిజమేనని మనకి ఎవరు చెప్పారు?

పీసీ లోకంలో పేరు తెచ్చుకున్న మొట్టమొదటి వైరస్సే ఈ ప్రశ్న లేవనెత్తింది. 1986లో లాహోర్‌లో కంప్యూటర్ వ్యాపారం చేసుకునే బాసిత్ ఫారూఖ్ అల్వీ, అంజద్ ఫారూఖ్ అల్వీ అనే అన్నదమ్ములు 'బ్రెయిన్' అనే వైరస్ రాశారు. తాము రాసిన సాఫ్ట్‌వేర్‌ని దొంగతనంగా నకలు చేసుకునేవాళ్ల మీద కోపంతో రాశామని తరవాత చెప్పుకున్నారు. అందులో తమ దుకాణం పేరు, చిరునామా, ఫోన్ నంబర్లు కూడా పెట్టారు. వైరస్ చరిత్రలో అంత మర్యాదస్తులు మళ్లీ పుట్టలేదు. బ్రెయిన్ ఫ్లాపీలో మొదటి గది అయిన బూట్ సెక్టర్‌ని ఆక్రమించి, అక్కడి అసలు సరుకుని వేరే గదిలోకి మార్చి, ఆ గది పాడైపోయిందని గుర్తు పెట్టేది. ఎవరైనా బూట్ సెక్టర్‌లో ఏముందో చూపించమని కంప్యూటర్‌ని అడిగితే, బ్రెయిన్ మధ్యలో అడ్డుపడి, దాచిపెట్టిన అసలు సరుకుని తెచ్చి చూపించేది. అడిగినవాడికి అంతా శుభ్రంగా కనబడేది.

డిస్కులో ఏముందో ప్రోగ్రాములు నేరుగా చూడలేవు. ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగాలి. ఆ అడిగే దారిలో వైరస్ కూర్చుంటే, యాంటీవైరస్ కూడా అది చూపించిందే చూస్తుంది. దొంగ చేతికే తాళాలిచ్చి, ఇంట్లో ఏమేం పోయాయో లెక్క చెప్పమన్నట్టు ఉంటుంది. ఈ తరహా దాపరికాన్ని ఇప్పుడు రూట్‌కిట్ అంటున్నారు. 2005లో రస్సినోవిచ్ తన సొంత కంప్యూటర్‌లోనే ఒకటి పట్టుకున్నారు. అది ఏ నేరస్థుల ముఠాదీ కాదు. సోనీ బీఎంజీ సంగీతం సీడీలో నకలు నిరోధానికి పెట్టిన సాఫ్ట్‌వేర్. ఫలానా అక్షరాలతో పేరు మొదలయ్యే ఫైలు ఏదైనా విండోస్‌కి కనబడకుండా చేసేది. కొన్నాళ్లకే నిజమైన వైరస్‌లు తమ పేర్లని ఆ అక్షరాలతో పెట్టుకుని దాని నీడలో దాక్కున్నాయి.

అందుకని సోకిన విండోస్ నడుస్తుండగా చేసిన స్కాన్‌లో 'ఏమీ దొరకలేదు' అని వస్తే దాన్ని సగమే నమ్మాలి. డిస్కు మీది విండోస్‌ని నిద్రలేపకుండా, బయటి నుంచి మరో వ్యవస్థతో కంప్యూటర్‌ని మొదలుపెట్టి, డిస్కుని శవపరీక్ష చేసినట్టు చూడాలి. అప్పుడు వైరస్ నడవడం లేదు కాబట్టి అబద్ధం చెప్పలేదు. ప్రాముఖ్యంలో మిగతా జాగ్రత్తలన్నీ దీని తరవాతే. బ్రెయిన్ కాలంలో దీనికోసం రాయడానికి వీల్లేకుండా కన్నం మూసిన శుభ్రమైన ఫ్లాపీ ఒకటి దగ్గర పెట్టుకునేవాళ్లు. ఇప్పటి విండోస్‌లో ఆ సదుపాయం లోపలే ఉంది, ఎవరూ వాడరు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకుంటే కంప్యూటర్ ఆగి, మామూలు విండోస్ కాకుండా ఓ చిన్న ప్రత్యేక వ్యవస్థతో మొదలై, పావుగంటలో డిస్కుని చూసి, మళ్లీ మామూలుగా లేస్తుంది. ఆ సదుపాయాన్ని కూడా వైరస్ చెడగొట్టిందన్న అనుమానం ఉంటే, వేరే శుభ్రమైన కంప్యూటర్ మీద యాంటీవైరస్ కంపెనీల రెస్క్యూ డిస్కుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దానితో బూట్ చేయవచ్చు. ఇక్కడో మాట. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు మొత్తం గూఢలిపిలో ఉంటుంది. బయటి నుంచి తెరిస్తే రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో అది ఎక్కడుందో ముందే చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి.

బయటి నుంచి చూసినా, చూసేదానికి దొంగని గుర్తుపట్టడం రావాలి కదా! యాంటీవైరస్ పని ప్రధానంగా పోల్చి చూడడమే. ఇంతకుముందు దొరికిన వైరస్‌ల నుంచి ఏరిన బైట్ల వరసలు దాని దగ్గర ఉంటాయి. మీ ఫైళ్లలో ఆ వరసలు కనబడితే అరుస్తుంది. యాంటీవైరస్ పనిచేస్తోందో లేదో పరీక్షించడానికి నిపుణులు ఐకార్ అనే 68 అక్షరాల హానిలేని ఫైలు ఒకటి తయారుచేసి పెట్టారు. అన్ని కంపెనీలూ దాన్ని వైరస్‌గానే పట్టుకోవాలని ఒప్పందం. ఈ పోల్చి చూసే పద్ధతికి విరుగుడుగా 1990 నాటికే ప్రతి నకలులోనూ తన రూపం మార్చుకునే వైరస్‌లు వచ్చాయి. దాంతో ముఖం చూడడం చాలక నడవడిక కూడా గమనించాల్సి వచ్చింది. వర్డ్ ఫైలు తెరవగానే ఇంటర్నెట్‌లోంచి ప్రోగ్రామ్ దింపుకుంటోందా, వందల ఫొటోలని వరసపెట్టి తిరగరాస్తోందా అని ఇప్పటి యాంటీవైరస్‌లు కనిపెట్టి ఉంటాయి.

ఎప్పటికైనా తప్పులేని యాంటీవైరస్ వస్తుందా? రాదు. ఇది అభిప్రాయం కాదు, గణితం. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న ఫ్రెడ్ కోహెన్ 1983 నవంబరులో వాక్స్ కంప్యూటర్ మీద ఎనిమిది గంటల పనితో ఓ వైరస్ రాసి తరగతిలో ప్రదర్శించాడు. యంత్రం మీద సర్వాధికారాలూ దాని చేతికి రావడానికి సగటున అరగంట కూడా పట్టలేదు. దానికి వైరస్ అని పేరు సూచించింది ఆయన గురువు లెనార్డ్ ఆడిల్‌మాన్. ఆర్‌ఎస్‌ఏ గూఢలిపి పేరులోని 'ఏ' ఈయనే. ఆ తరవాత కోహెన్ వేసిన తర్కం చాలా చిన్నది. ఏ ప్రోగ్రామ్‌ని ఇచ్చినా అది వైరసో కాదో తప్పులేకుండా చెప్పే పరీక్షకుడు ఒకడున్నాడని అనుకుందాం. ఆ పరీక్షకుణ్ణి తన కడుపులోనే పెట్టుకున్న ప్రోగ్రామ్ ఒకటి రాస్తాను. అది లేవగానే 'నేను వైరస్‌నా?' అని పరీక్షకుణ్ణి అడుగుతుంది. అవునంటే నోరు మూసుకుని ఊరుకుంటుంది. కాదంటే వ్యాపిస్తుంది. పరీక్షకుడు ఏ జవాబు చెప్పినా తప్పే అవుతుంది. కాబట్టి అలాంటి పరీక్షకుడు ఉండడు. 'నూటికి నూరు పాళ్లు రక్షణ' అని డబ్బా మీద అచ్చు వేసినవాడు ఈ తర్కం చదవలేదన్నా అనుకోవాలి, చదివీ వేశాడన్నా అనుకోవాలి.

తప్పు రెండో వైపు కూడా జరుగుతుంది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ కంపెనీ పంపిన ఓ అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణంలాంటి ఎస్‌వీసీహోస్ట్ ఫైలుని వైరస్ అనుకుని లాగేసింది. లోకమంతటా ఆఫీసుల్లో కంప్యూటర్లు ఆగుతూ లేస్తూ ఉండిపోయాయి. యాంటీవైరస్‌లు అనుమానించిన ఫైలుని వెంటనే చెరపకుండా క్వారంటీన్‌లో పెట్టేది ఇందుకే. అక్కడి ఫైలు నడవలేదు, అవసరమైతే వెనక్కి తెచ్చుకోవచ్చు. నాలుగు రోజులు చూసి, ఏదీ చెడలేదనుకున్నాకే ఖాళీ చేయండి. రెండు కళ్లు మంచివే గానీ, రెండు యాంటీవైరస్‌లని ఒకేసారి కాపలా పెట్టకండి. రెండూ ఒకే ఫైలు కోసం పెనుగులాడి కంప్యూటర్‌ని నత్తని చేస్తాయి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డిఫెండర్ పూర్తి యాంటీవైరస్‌గా విండోస్‌తోనే వస్తోంది. ఇంటికి అది చాలు. ఇంకొకరి అభిప్రాయం కావాలంటే, అడిగినప్పుడు మాత్రమే స్కాన్ చేసి వెళ్లిపోయే రకం వాడండి. భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా ఇలాంటి పనిముట్లని ఉచితంగా ఇస్తోంది.

పనిలోకి దిగేముందు వైఫై ఆపండి, తీగ ఉంటే పీకండి. ఇప్పటి వైరస్‌లు బయటి యజమాని దగ్గర నుంచి ఆజ్ఞలు తెచ్చుకుంటాయి, ఒకదాన్ని తీస్తే ఇంకొకదాన్ని దింపుకుంటాయి, ఇంట్లోని వేరే కంప్యూటర్‌ మీదికీ పోతాయి. వెతుకులాట, దిగుమతులు ఫోన్‌లో గానీ మరో కంప్యూటర్‌లో గానీ చేసుకోండి. కాన్‌ఫికర్ సోకిన కంప్యూటర్‌లో యాంటీవైరస్ కంపెనీల వెబ్‌సైట్లు తెరుచుకునేవే కావు. పేరులో ఫలానా మాటలున్న సైట్లని అది అడ్డుకునేది. ఇంట్లో నెట్ బాగానే ఉండి అలాంటి సైట్లు మాత్రమే మొరాయిస్తుంటే, అది రోగలక్షణమే.

ఇదంతా ఎందుకు, ఫార్మాట్ కొట్టేస్తే పోలా అంటారా? మన ఊళ్లలో దీనికి మించిన మందు లేదన్నట్టు మాట్లాడతారు. షాపులో ఇస్తే సాయంత్రానికి కొత్త విండోస్ వేసి ఇస్తారు. వారం తిరక్కుండా అదే వైరస్ మళ్లీ వస్తుంది. షాపువాణ్ణి తిట్టుకుంటాం. తప్పు పూర్తిగా అతనిది కాదు. మన అలవాటు ప్రకారం విండోస్ సీ డ్రైవ్‌లో, ఫొటోలూ సినిమాలూ సెటప్ ఫైళ్లూ డీ డ్రైవ్‌లో ఉంటాయి. ఫార్మాట్ చేసేది సీ డ్రైవ్‌ని మాత్రమే. శాలిటీ, రామ్‌నిట్ లాంటి వైరస్‌లు వేరే ఫైలుగా ఉండవు. కంప్యూటర్‌లో దొరికిన ప్రతి ఈఎక్స్‌ఈ ఫైలులోకీ చొరబడి దాని ఒంట్లో కలిసిపోతాయి. రామ్‌నిట్ అయితే వెబ్ పేజీల ఫైళ్లని కూడా వదలదు. కొత్త విండోస్ వేసిన మరుక్షణం మనం చేసే మొదటి పని ఏమిటి? డీ డ్రైవ్ తెరిచి, ఎప్పట్నుంచో దాచుకున్న వీడియో ప్లేయర్ సెటప్పో, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరో నొక్కడం. అంతే, మళ్లీ మొదటికొచ్చింది.

ఇక్కడ ఒక విభజన మనసులో స్పష్టంగా ఉండాలి. మీ కంప్యూటర్‌లో రెండే రకాల వస్తువులు ఉన్నాయి. ఫొటోలు, వీడియోలు, పాటలు, ఉత్తరాలు, లెక్కలు ఒక రకం. అవి పోతే మళ్లీ దొరకవు. ప్రోగ్రాములు, సెటప్ ఫైళ్లు, విండోస్ రెండో రకం. అవి ఎన్నిసార్లయినా దొరుకుతాయి. వైరస్ దాదాపు ఎప్పుడూ రెండో రకంలోనే కాపురం ఉంటుంది. ఫొటో ఫైలుని చూస్తామే తప్ప నడిపించం కదా. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలో మాక్రోలు మాత్రం ప్రోగ్రాములే, వాటి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. కాబట్టి ఫార్మాట్ చేయాలనుకుంటే సగం సగం చేయకండి. కంప్యూటర్‌ని లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మొదటి రకాన్ని మాత్రం బయటి హార్డ్‌డిస్కులోకి ఏరుకోండి. విండోస్ వైరస్ లైనక్స్‌లో నడవదు. ఆ తరవాత సీ, డీ తేడా లేకుండా డిస్కు మొత్తం చెరిపి, వేరే శుభ్రమైన కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచి చేసుకున్న పెన్‌డ్రైవ్‌తో విండోస్ వేయండి. ప్రోగ్రాములన్నీ వాటి అసలు చోట నుంచి కొత్తగా దింపుకోండి. పాత సెటప్ ఫైళ్ల మీద మమకారం వదులుకోవాలి.

తెచ్చుకున్న ఫైళ్లని తెరిచేముందు, విండోస్‌లో ఫైలు పేరు చివరి అక్షరాలు కనబడేలా సెట్టింగ్ మార్చుకోండి. పేరు చివర దాచి ఉంచడం మైక్రోసాఫ్ట్ పాత అలవాటు, ఇప్పటికీ మానలేదు. 2000 మే నెలలో మనీలా నుంచి బయల్దేరి లోకమంతా తిరిగిన 'ఐ లవ్ యూ' వైరస్ ప్రేమలేఖ అనే పేరుతో, టెక్స్ట్ ఫైలు వేషంలో వచ్చింది. పేరు చివర టీఎక్స్‌టీ తరవాత వీబీఎస్ అని ఇంకో తోక ఉంది. విండోస్ ఆ తోకని దాచేయడంతో చాలామందికి ఉత్తరంలాగే కనబడింది. మన పెన్‌డ్రైవ్‌లలో ఫోల్డర్ బొమ్మ వేసుకుని తిరిగే ఈఎక్స్‌ఈ వైరస్‌లదీ ఇదే వేషం.

ఇంతా చేసి క్రాక్ చేసిన విండోస్, క్రాక్ చేసిన ఫొటోషాప్ వేసుకుంటే పడిన శ్రమంతా నదిలో పోసినట్టే. క్రాక్‌తో వచ్చే సూచనల్లో మొదటిది 'యాంటీవైరస్ ఆపేయండి' అని ఉంటుంది. ఒకడు వచ్చి కుక్కని కట్టేయమంటే ఎందుకని అడగాలి కదా. స్టాప్ అనే ర్యాన్సమ్‌వేర్ కుటుంబం ప్రధానంగా ఈ క్రాక్‌ల ద్వారానే ఇళ్లలోకి వచ్చింది.

ర్యాన్సమ్‌వేర్ దగ్గర, ఇంతవరకూ చెప్పిన వైద్యం సగం నిష్ఫలం. అది ఫైళ్లని గూఢలిపిలోకి మార్చేసి తాళంచెవికి డబ్బు అడుగుతుంది. దాన్ని తీసేయడం తేలికే. కొన్ని తమ పని అయ్యాక తామే వెళ్లిపోతాయి. కానీ దాన్ని తీసినంత మాత్రాన ఫైళ్లు తిరిగి రావు. 2017 మే 12న మొదలైన వానాక్రై దాడిలో చిత్తూరు, గుంటూరు, శ్రీకాకుళం లాంటి జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. ఒక్కో కంప్యూటర్‌కి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది. అది వాడుకున్న రంధ్రాన్ని మూసే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న ఇచ్చింది. ఫైళ్ల తాళాలకి తాళం వేయడానికి వానాక్రై వాడింది ఆర్‌ఎస్‌ఏ గూఢలిపిని. వైరస్‌కి పేరు పెట్టిన ఆడిల్‌మాన్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన గూఢలిపే వైరస్ చేతికి ఆయుధమైంది. తాళంచెవి లేకుండా దాన్ని విప్పడం ఇప్పటి కంప్యూటర్ల తరం కాదు.

ఒక సందు మాత్రం దొరికింది. ఆ తాళంచెవి తయారీకి వాడిన ప్రధాన సంఖ్యలు విండోస్ ఎక్స్‌పీలో పని అయ్యాక కూడా మెమరీలో చెరగకుండా మిగిలిపోతాయని ఏడ్రియెన్ గినే అనే ఫ్రెంచి పరిశోధకుడు కనిపెట్టాడు. కంప్యూటర్‌ని ఆపకుండా ఉంచినవాళ్లకి ఫైళ్లు తిరిగి తెచ్చుకునే అవకాశం మిగిలింది. వెంటనే స్విచ్ ఆపేసినవాళ్లకి ఆ అవకాశం పోయింది. ర్యాన్సమ్‌వేర్ ఫైళ్లని మార్చడం ఇంకా సాగుతుంటే, మిగిలినవైనా దక్కేలా కరెంటు తీసేయండి. కానీ అప్పటికే అంతా అయిపోయి డబ్బడిగే తెర వచ్చేస్తే నెట్ మాత్రం తీసి, కంప్యూటర్‌ని ఆపకుండా తెలిసినవాళ్లని పిలవండి. యూరోపియన్ పోలీసు సంస్థ యూరోపోల్, డచ్చి పోలీసులు, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో పెట్టిన 'నో మోర్ ర్యాన్సమ్'లో, తాళంచెవులు దొరికిన రకాలకి ఉచితంగా విరుగుడు ఇస్తున్నారు. డబ్బు కట్టేముందు అక్కడ చూడండి. అక్కడ లేకపోతే, తాళం పడిన ఫైళ్లని చెరపకుండా ఓ పాత డిస్కులో దాచి ఉంచండి. ముఠాలు పట్టుబడ్డాక తాళంచెవులు బయటపడ్డ సందర్భాలు ఉన్నాయి.

మరో రకం ఏ హడావుడీ చేయదు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు మూటగట్టి పంపించేసి నిశ్శబ్దంగా తప్పుకుంటుంది. కాబట్టి ఏ వైరస్ తీసినా సరే, ఆ తరవాత వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చాలి. ముందు ఈమెయిల్, తరవాత బ్యాంకు. మిగతా అన్నిటి పాస్‌వర్డ్‌లూ ఈమెయిల్ ద్వారానే మార్చవచ్చు కాబట్టి అదే మొదటిది. 'అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్' అనే మీట కూడా నొక్కండి. దొంగిలించిన కుకీ చేతిలో ఉంటే పాస్‌వర్డ్‌తో పని లేకుండానే లోపలికి రావచ్చు.

ఇక ఈమధ్య 'మా కంప్యూటర్‌కి వైరస్ వచ్చింది' అని వచ్చేవాళ్లలో చాలామందికి అసలు వైరస్ ఉండదు. తెర మూల నుంచి ఎర్రటి హెచ్చరికలు వస్తుంటాయి, పేరున్న యాంటీవైరస్ గుర్తుతో. ఎప్పుడో ఏదో సైటు 'నోటిఫికేషన్లకి అనుమతిస్తారా' అని అడిగితే అలవాటుగా 'అలౌ' నొక్కి ఉంటారు. ఆ సైటు ఇప్పుడు ఆ అనుమతితో భయపెట్టే ప్రకటనలు పంపుతోంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి ఆ సైటుని తీసేస్తే చాలు. తెర నిండా హెచ్చరిక వచ్చి, చెవులు పగిలేలా మోత పెట్టి, ఈ నంబరుకి ఫోన్ చేయండి అంటే అది ఉత్త వెబ్ పేజీ. బ్రౌజర్‌ని టాస్క్ మేనేజర్‌లో మూసేయండి. ఏ నిజమైన యాంటీవైరసూ వైరస్ దొరికిందని ఫోన్ నంబరు ఇచ్చి రమ్మని పిలవదు. ఫోన్ చేస్తే అవతలివాడు ఎనీడెస్క్ లాంటిది వేయించుకుని కంప్యూటర్‌ని తన చేతిలోకి తీసుకుంటాడు, తరవాత బ్యాంకు ఖాతాలోకి దిగుతాడు. అప్పటికే డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బుని దారిలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

విండోస్ 10 కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మీ ఇంట్లోది అదే అయితే పొడిగింపు పథకంలో చేరండి, లేదా కంప్యూటర్ పాతదై విండోస్ 11 ఎక్కకపోతే లైనక్స్ వేసుకోండి. రెండూ కుదరకపోతే దాన్ని ఇంటర్నెట్‌కి దూరంగా, పాటలకీ సినిమాలకీ మాత్రం వాడుకోండి. ఏ దారి ఎంచుకున్నా, అంతకుముందే ఫొటోలని ఓ బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, పని అవగానే ఆ డిస్కుని కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచిన డిస్కుని ర్యాన్సమ్‌వేర్ కూడా చూడగలదు.